గుడియాత్తంలో ఎవరూ సుమ్మా ఉండరు

నా తర్వాత ఆ కుర్చీలోకి ఒక అమ్మాయి వచ్చింది. చేరిన కొత్తలోనే ఫోన్ చేసి, "మేడం, ఈ ఉద్యోగంలో ముందుగా ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. ఫైలు ఎట్లా నడపాలో సూపరింటెండెంటు చెబుతాడు, సర్టిఫికెట్లు పంచేటప్పుడు ఎక్కడ నిలబడాలో ఫోటోగ్రాఫర్ చెబుతాడు, ఆ రెండూ నన్ను అడగొద్దు అన్నాను. మిగతాది ఫోన్లో చెప్పి తెమిలేది కాదు. అందుకే రాస్తున్నాను.

వేలూరు జిల్లాలో ప్రభుత్వ ఉపాధి శిక్షణ కార్యక్రమాన్ని చాలా ఏళ్ళు నడిపాను. చదువు మధ్యలో ఆగినవాళ్ళకు, పని లేనివాళ్ళకు, ఉన్న పని కూడు పెట్టనివాళ్ళకు కొత్త పని నేర్పించి ఉద్యోగంలో కుదర్చడం మా బాధ్యత. కుట్టుమిషను, కరెంటు పని, ఏసీ రిపేరు, ఆసుపత్రి సహాయకుల కోర్సు, ఇట్లాంటివి నేర్పేవాళ్ళం. వేలూరులో పెద్ద కేంద్రం, గుడియాత్తంలో చిన్నది. మా ఊరు కె.వి.కుప్పం ఆ రెండింటికీ మధ్యలో ఉంటుంది. మాది సేద్యం చేసుకునే కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు మా నాయన పట్టుబట్టి నేర్పించాడు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. మా వైపు తెలుగువాళ్ళలో చాలామందికి దీన్ని ఎవరైనా చదివి వినిపించాలి. చదివేవాళ్ళు కాస్త గొంతెత్తి చదవండి. నేను మాట్లాడేదీ అట్లాగే.

ముందు ప్రశ్న మార్చుకోండి

మా దగ్గరికి వచ్చినవాళ్ళను మొదట అడగాల్సిన ప్రశ్న, "ఇప్పుడు ఏం పని చేస్తున్నావు?" అని. ఆ ప్రశ్న తయారుచేసినాయన ఎవరో గానీ, గుడియాత్తం నేతవీధుల్లో ఒక్క పూట తిరిగినవాడు కాదు. ఆ వీధుల్లో ఏ ఆడమనిషిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది. "ఏం లేదు మేడం, ఇంట్లోనే సుమ్మా ఉండాను." సుమ్మా అంటే తమిళంలో ఊరికే అని. మా వైపు తెలుగులో కలిసిపోయిన మాట.

రేణుక కూడా అదే చెప్పింది. ముప్పై దాటిన మనిషి, నేతగాడి ఇంటి కోడలు. గుడియాత్తం కేంద్రంలో ఆసుపత్రి సహాయకుల కోర్సుకు సీటు అడగడానికి వచ్చింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. సుమ్మా ఉండాను అనే మాట అప్పటికే విని విని నాకు విసుగెత్తింది.

"సరే, సుమ్మా ఉండావు. నిన్న లేచినకాడి నుంచి పడుకునే దాకా ఏం చేసినావో చెప్పు" అన్నాను.

"ఏముండాది మేడం. నీళ్ళు పట్టినాను. మగ్గానికి నూలు కండెలు చుట్టినాను. మా అత్త పడకలో ఉండాది, ఆమెకు ఒళ్ళు తుడిచి అన్నం పెట్టినాను. మళ్ళా కండెలు. మా ఆయన మగ్గం దిగినప్పుడు నేను ఎక్కి కొంచెం నేసినాను. సాయంత్రం తెగిన పోగులు ముడేసినాను. అంతే."

"ఇంత చేసి సుమ్మా ఉండానంటావా?"

"అది మన ఇంటి పని కదా మేడం. పనంటే ఇంకొకరు జీతమిచ్చి పిలిచేది."

ఆ రోజు నుంచి మా సిబ్బందికి ఒక మాట చెప్పాను. పని చేస్తున్నావా అని ఎవరినీ అడగొద్దు, నిన్న ఏం చేశావో అడగండి. రెండో ప్రశ్నకు మనుషులు అబద్ధం చెప్పరు, చెప్పడానికి వాళ్ళకు ఓపిక ఉండదు.

ఈ కోర్సే ఎందుకు కావాలని అడిగాను. వాళ్ళ అత్తకు కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు వేలూరులో ఒక ఆసుపత్రిలో చాలా రోజులు ఉన్నారట. కడప, అనంతపురం వైపు నుంచి వచ్చిన రోగులకు తమిళం రాదు, సిస్టర్లకు తెలుగు రాదు. మధ్యలో రేణుక నిలబడింది. "వాళ్ళ మాట వీళ్ళకు, వీళ్ళ మాట వాళ్ళకు చెప్తా ఉంటిని మేడం. మంచంలో పక్కకు తిప్పేది, పట్టుకోని నడిపించేది చూసి నేర్చుకుంటిని. ఒక సిస్టరమ్మ చెప్పింది, కోర్సు చేసుకోని రా, ఈడనే ఉద్యోగం దొరుకుతుందని."

ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. "పవర్‌లూమ్ లుంగీ వచ్చినాక చేతిమగ్గం లుంగీని అడిగేవాళ్ళు తక్కువైపోయినారు. ఒక్క మగ్గంతో ఇల్లు గడవదు. మగ్గం నిలిపేస్తే మా ఆయన బతకడు, ఆయనకు ఇంకోటి తెలీదు. మా పాప ఎనిమిదో తరగతి. ఇప్పుడే బడి నుంచి వచ్చి నా పక్కన కండెల కాడ కూర్చుంటా ఉండాది. అది అట్లనే ఆడ కూర్చుండిపోకూడదు మేడం."

మగ్గం ఆగకూడదు, ఇంట్లోకి ఒక జీతం రావాలి, పాప కండెల దగ్గర నుంచి లేవాలి. ఆమె అడిగింది ఇంతే. సీటు ఇచ్చేశాను.

ఫోన్లో ఎర్ర చుక్కలు

పై అధికారుల గురించి ఒక మాట చెప్పాలి. నేను చూసినవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ. తొందరగలవాళ్ళు ఎక్కువ. అప్పుడు చెన్నైలో మాకు పైన ఉన్నాయన తెలివైనవాడు, నిజాయితీపరుడు, లంచం మాటెత్తితే మండిపడేవాడు. కానీ ఆయనకు ఊళ్ళన్నీ ఫోన్లో కనిపించేవి. ప్రతి కేంద్రంలో వేలిముద్ర మిషను పెట్టించాడు. తొమ్మిదిన్నరకు అది మూసుకుపోతుంది. వేలు పెట్టినవాళ్ళకు పచ్చ చుక్క, పెట్టనివాళ్ళకు ఎర్ర చుక్క. ఆయన కాఫీ తాగుతూ ఆ చుక్కలు చూసుకునేవాడు.

గుడియాత్తం ఆసుపత్రి కోర్సులో ఎర్ర చుక్కలు విపరీతంగా వచ్చేవి. అవి కూడా గుంపుగా వచ్చేవి. రెండు రోజులు అందరూ ఉంటారు, మూడో రోజు క్లాసులో సగం ఖాళీ. అందరికన్నా ఎక్కువ ఎర్ర చుక్కలు రేణుకవి. కోర్సు నేర్పే స్టెల్లా ఒకప్పుడు నర్సుగా పనిచేసిన మనిషి, చాలా స్ట్రిక్టు. ఎందుకు రాలేదని అడిగితే ఒకరు జ్వరం అంటారు, ఒకరు తలనొప్పి అంటారు, ఒకరు చుట్టాల పెళ్ళి అంటారు.

"ఇంతమందికి ఒకే పొద్దున జ్వరమొచ్చి మధ్యాహ్నానికి పోతుంటే, ముందు ఆ జ్వరం ఏంటో కనిపెట్టాలి మేడం" అంది స్టెల్లా నాతో. ఆమెకు కోపం వస్తే జోకులు బాగా వస్తాయి.

పై అధికారి ఫోన్ చేశాడు. గుడియాత్తం వాళ్ళకు ఆసక్తి లేదు, కేంద్రం మూసేసి ఆ సీట్లు వేలూరుకు మార్చండి, హాజరు లేనివాళ్ళ పేర్లు తీసేయండి అన్నాడు. తీసేయాల్సిన పేర్లలో మొదటిది రేణుకది.

ఆసక్తి లేదు అనే మాట మా శాఖలో అందరికీ ఇష్టం. ఆ మాట అనేశాక ఇంకెవరూ ఎండలో తిరగక్కర్లేదు. నేను మటుకు నమ్మలేదు. అత్తను చూసుకుంటూ, కండెలు చుట్టుకుంటూ, ఒక పూట క్లాసులో ఉంటే రోగిని మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చడం పదిసార్లు చేసి చూపించమని అడిగే మనిషికి ఆసక్తి లేదా? నెలాఖరు దాకా ఆగండి సార్, నేను పోయి చూసి చెబుతాను అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. నాకు గడువు ఇవ్వకపోతే రోజూ ఫోన్ చేస్తానని ఆయనకు తెలుసు.

పావు పొద్దు

మా సిబ్బంది అంతా వేలూరు నుంచి వచ్చేవాళ్ళు. వాళ్ళు గుడియాత్తంలో దిగేసరికి ఊరు సగం పని చేసేసి ఉంటుంది. నేను కె.వి.కుప్పంలో మొదటి బస్సెక్కి నేరుగా రేణుక వాళ్ళ వీధికి పోయాను. ఒకట్రెండు సార్లు ఏమీ కనిపించక వెనక్కి వచ్చాను. తర్వాత ఒక పొద్దున దొరికింది.

వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగుల బారు, సాగదీసి ఉంది. మధ్య మధ్య వెదురు కర్రల మీద నిలబెట్టారు. అటూ ఇటూ మనుషులు బారులు తీరి ఉన్నారు. కొందరు గంజి పూస్తున్నారు, కొందరు పెద్ద కుంచెలతో దువ్వుతున్నారు, కొందరు అంటుకున్న పోగులు విడదీస్తున్నారు. ఎండ ముదిరేలోగా అయిపోవాలి, లేకపోతే గంజి పోగుల మీదే గట్టిపడి ఆ పడుగు మగ్గానికి పనికిరాదు. అందులో మా క్లాసులో జ్వరమొచ్చినవాళ్ళంతా ఉన్నారు. రేణుక మోచేతుల దాకా గంజితో ఉంది. నన్ను చూసి ఆమె మొహం పాలిపోయింది. చెయ్యి మాత్రం ఆపలేదు.

వీధిలో పెద్దాయన మునిరత్నం. ఆయన్ని అందరూ మామా అంటారు. ఆ రోజు పడుగు ఆయనదే.

"ఏమ్మా, యాడ నుంచి వచ్చినావు?" అన్నాడు. చెప్పాను.

"ఓ, ఆ బడి మేడమా. ఇది పావు పొద్దు అమ్మా." పడుగును వాళ్ళు పావు అంటారు. "ఇంటికొక మనిషి రావాల. ఈ పొద్దు నాది, ఇంకో పొద్దు ఇంకొకరిది. కూలి ఇచ్చేది లేదు, తీసుకునేది లేదు. నిలబడని ఇంటికి మేము పోము."

"పోకపోతే?"

"పోకపోతే ఏముండాది, ఆ ఇంటి మగ్గం నిలిచిపోతుంది. మొగుడూ పెండ్లాం ఇద్దరే ఇంత పొడుగు పావుకు గంజి పట్టగలరా?"

రేణుక ఇంటి నుంచి నిలబడాల్సింది రేణుకే. అత్త పడకలో ఉంది. భర్త గుణశేఖర్‌కు ఆయాసం. లోపల కూర్చుని నేయగలడు గానీ పొద్దుటి గాలిలో గంటల తరబడి నిలబడితే ఊపిరి అందదు.

పడుగు చుట్టేశాక ఆమెను పక్కకు పిలిచాను. "దీనికి జ్వరమని ఎందుకు చెప్పినావు? ఉన్న సంగతి చెప్పేదానికేం?"

"మీకు చెప్పినాను సరే, క్లాసు మాని మగ్గం పనికి నిలబడతా ఉండానని ఆఫీసుకు తెలిస్తే సీటు తీసేస్తారు కదా మేడం. ఇది పని లేనోళ్ళకు కదా. కాగితంలో సుమ్మా ఉండానని రాయించి కదా చేరినాను. అందురూ అట్లనే చెప్పినారు."

నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. రేణుక మీద కాదు. పని ఉందంటే సీటు పోతుందేమోనని భయపెట్టే ప్రశ్న మేమే పెట్టాం. దానికి వాళ్ళు భయపడి జవాబు చెప్పారు. ఆ జవాబును పట్టుకుని వాళ్ళకు ఆసక్తి లేదని మేమే తేల్చాం.

మా చేలో చెనక్కాయలు పీకేటప్పుడు కూడా ఇదే పద్ధతి. ఈ రోజు మా చేలోకి నువ్వొస్తే రేపు మీ చేలోకి నేను. మనిషికి మనిషి బదులు. చిన్నప్పుడు బడి మాని నేనూ పోయాను. అప్పుడు మా టీచరుకు నేనూ జ్వరమనే చెప్పాను.

గంట మార్చడం

ముందు మునిరత్నం మామను అడిగాను. పావు పొద్దులన్నీ ఆదివారం పెట్టుకుంటే క్లాసుకు అడ్డం రాదు కదా అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. "ఆదివారం ఎండ కాయాలని కలెక్టరు ఆర్డరు ఇస్తాడా అమ్మా? వానా గాలీ లేని పొద్దు చూసుకోని ఏసేది పావు." పడుగు ఎప్పుడు చేతికొస్తే అప్పుడు, ఆకాశం ఎప్పుడు ఒప్పుకుంటే అప్పుడు. ఇక మిగిలింది నా వైపు మార్పే.

పై అధికారికి ఫోన్ చేసి, గుడియాత్తంలో క్లాసు పదిన్నరకు మొదలుపెడతాను, సాయంత్రం ఆ మేరకు పొడిగిస్తాను, మిషను మూసే వేళ మార్పించండి అని అడిగాను.

"ఒక వీధి కోసం రూలు మారుస్తారా మీరు?" అన్నాడు.

"రూలు కాదు సార్, గంట మారుస్తున్నాను. నేర్పేది అంతే, నేర్పే గంటలూ అంతే."

"అప్పటికీ రాకపోతే?"

"అప్పుడు మూసేయమని మీరు రాయక్కర్లేదు, నేనే రాస్తాను. ఈ బ్యాచ్ చివరి పరీక్ష ఫలితం చూసి తేల్చండి."

చివరికి సరే అన్నాడు. ఆయన్ని అందుకే తొందరగలవాడు అన్నాను గానీ చెడ్డవాడు అనలేదు. మీ పైన ఎవరున్నా సరే, వాళ్ళ దగ్గరికి సమస్యతో పోకండి, వాళ్ళు సరే అని ఒక్క మాట అంటే అయిపోయే పనితో పోండి.

వేళ మారాక గుడియాత్తంలో ఆ జ్వరం మళ్ళీ రాలేదు. స్టెల్లా కూడా ఒకరోజు పావు చూడ్డానికి పోయి, చీరకు గంజి పూసుకుని వచ్చింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పి మళ్ళీ రేణుక దగ్గరికి వస్తాను. ఆలంగాయం వైపు కొండ దిగువ ఊళ్ళ నుంచి వచ్చిన కొంతమంది ఆడపిల్లలకు కుట్టుమిషను నేర్పించి దూరంగా ఒక ఫ్యాక్టరీకి పంపించాం. ఆ మేనేజరు, కబుర్లు చెప్పుకుంటారని, ఒక్కొక్కరిని ఒక్కో వరసలో, ఒక్కో గదిలో పెట్టాడు. నెల తిరగకుండా అందరూ వెనక్కి వచ్చేశారు. ఇక్కడా అందరూ అదే మాట అన్నారు, ఆసక్తి లేదని. తర్వాతి బ్యాచ్‌ను కలిపి ఉంచితేనే పంపుతానని పట్టుబట్టాను. వాళ్ళు నిలిచారు. ఉద్యోగంలో చేరేది ఒక్క మనిషేనని కాగితం అనుకుంటుంది. ఆ మనిషి వెనక ఒక ఇల్లో, ఒక వీధో, పక్క మంచం మీద పడుకునే ఒక స్నేహితురాలో ఉంటుంది. వాళ్ళను తెంపేసి తెస్తే మీరు తెచ్చిన మనిషి నిలవదు. ఈ సంగతి మీ శిక్షణలో ఎవరూ చెప్పరు.

గంజి కాచే మనిషి

కోర్సు చివర ఒక నెల వేలూరులో ఒక ఆసుపత్రిలో ప్రాక్టీసు చేయాలి. పొద్దున ఏడింటికి వార్డులో ఉండాలి. మా క్లాసు గంట నా చేతిలో ఉంది గానీ ఆసుపత్రి గంట నా చేతిలో లేదు. మిగతావాళ్ళ ఇళ్ళలో ఇంకో మనిషి ఉన్నారు, సర్దుకున్నారు. రేణుక ఇంట్లో లేరు.

రేణుక ఏడ్చే రకం కాదు. ఒక సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని మునిరత్నం మామ ఇంటికి పోయింది. అరుగు మీద మామ, ఆయన భార్య సరోజమ్మ, ఇంకొందరు ఉన్నారు.

"మామా, ఈ నెల పొద్దున నిలబడలేను. ముందునాటి సాయంత్రం గంజి నేను కాచి పెడతాను. ఎవురి పావైనా సరే" అంది.

గంజి కాచడం తేలిక పని కాదు. పొగలో కూర్చుని అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి, పలచనైనా కష్టమే, చిక్కనైనా కష్టమే. ఎవరి గంజి వాళ్ళు కాచుకోవడమే అక్కడి అలవాటు.

సరోజమ్మ ఊరుకోలేదు. "బాగుండాది. ఈ పొద్దు నువ్వు గంజి కాస్తానంటావు, రేపు ఇంకొకతి నూలు తెస్తానంటుంది. అందురూ అట్లంటే పొద్దున కుంచె పట్టేది ఎవురు?"

ఆమె అడిగింది న్యాయమే. నా నోటిదాకా మాట వచ్చింది. చదువుకున్న మాటలు, ప్రభుత్వం మాటలు చాలా ఉన్నాయి నా దగ్గర. మింగేశాను. ఆ వీధి నన్ను లెక్కబెట్టేది నేను ఆ వీధిలో బతికితే కదా. అక్కడ నోరు మూసుకోవడం కూడా ఉద్యోగమే, నాలాంటి వాయాడికి, అంటే వాగుడుకాయకు, అందులో అదే కష్టమైన భాగం.

మునిరత్నం మామ చాలాసేపు తువ్వాలు భుజం మార్చుకుంటూ కూర్చున్నాడు. "పాత్తుక్కలాం" అన్నాడు చివరికి. చూద్దాంలే అని. సరే అనలేదు, కాదనలేదు.

ఆ నెల రేణుక ఆసుపత్రి నుంచి వచ్చి, అత్తకు అన్నం పెట్టి, మర్నాడు ఎవరి పావు ఉంటే వాళ్ళ ఇంటికి పోయి గంజి కాచింది. ఎవరూ బాగుందనలేదు, బాగాలేదనలేదు. గిన్నె తీసుకుని తలుపు వేసుకునేవాళ్ళట. "అదే కష్టంగా ఉండాది మేడం. తిట్టినా పరవాలేదు" అంది నాతో.

ఆకాశం తెరిపి ఇచ్చిన రోజు

ఫలితం దాచిపెట్టి మిమ్మల్ని ఊరించను. రేణుక పాసైంది. వేలూరులో, అత్తను చేర్చిన ఆ ఆసుపత్రిలోనే ఉద్యోగంలో చేరింది, ఇప్పుడు వార్డులో తెలుగు రోగులు వస్తే ముందు ఆమె పేరే పిలుస్తారు. పాప కాలేజీకి పోతోంది. గుడియాత్తం కేంద్రం మూతపడలేదు, ఇప్పటికీ పదిన్నరకే మొదలవుతుంది. కానీ ఇవన్నీ నిలబడింది పరీక్ష హాల్లో కాదు, వీధిలో. అది చెప్పి ముగిస్తాను.

పరీక్షకు ముందు కొన్ని రోజులు వాన విడవలేదు. వీధిలో అందరి పడుగులూ ఆగిపోయాయి. వరసలో ముందున్నది రేణుక ఇంటిది. పడుగుకు చెమ్మ పట్టింది, ఇంకా ఆగితే బూజు పడుతుంది. బూజు పట్టిన పడుగు నేస్తే ఎవరూ తీసుకోరు, ముదలాళి, అంటే నేయించుకునే షావుకారు, మళ్ళీ నూలివ్వడు, ఆ మగ్గం అక్కడితో సరి. పరీక్ష ముందునాటి సాయంత్రం ఆకాశం తెరిపి ఇచ్చింది. రేణుక ఫోన్ చేసింది.

"మేడం, రేపు పావు ఏసి తీరాల. వీధి వస్తాదో రాదో తెలీదు. నేను ఉంటే ఎట్లో ఒకట్ల..."

"నువ్వు పరీక్షకు పో. పావు దగ్గరికి నేను పోతాను."

"మీకేం తెలుసు మేడం?"

"ఏమీ తెలీదు. పోతాను."

గంజి కాచి పెట్టి ఆమె తొలి బస్సుకు వేలూరు పోయింది. నేను వచ్చేసరికి గుణశేఖర్ మెడకు మఫ్లరు చుట్టుకుని, దగ్గుతూ, కర్రలు నాటి పడుగు పరిచి ఉన్నాడు. గడపలో గంజి గిన్నె ఉంది. వీధి పొడుగునా తలుపులన్నీ మూసి ఉన్నాయి. మంచి ఎండ వచ్చేటట్టు ఉంది. మామూలుగా అయితే ఆ వేళకు వీధి నిండా మనుషులు ఉంటారు.

నాకు భయం వేసింది. ఉన్నమాట చెబుతున్నాను. ఒక ఇంటి మగ్గాన్ని, ఒక పిల్ల చదువును నా మొండితనం మీద పెట్టి కూర్చున్నానే అనిపించింది.

"రారు మేడం" అన్నాడు గుణశేఖర్. "నెల దినాలు మా ఇంటి నుంచి ఎవురూ నిలబడలేదే."

"పిలిచినావా?"

"ఆ?"

"పావు ఏస్తా ఉండాము, రండి అని ఇంటింటికీ పోయి పిలిచినావా?"

అతను తల దించుకున్నాడు. "ఆకాశం చూసి తెల్లారినాక పిలిచేది మేడం. ఆడోళ్ళు పిలిచేది. రేణుక ఉంటే... దానికీ మొగం లేదు. ఏ మొగం పెట్టుకోని పిలిచేది అనింది."

మా చేలో కూడా పిలవకుండా ఎవరూ రారు. బదులు ఉన్నా సరే, పొద్దున్నే గడపలోకి పోయి పిలవాలి. పిలవకపోతే మీ అవసరం మాకు లేదని అర్థం. అది వాళ్ళకు తెలుసు, నాకూ తెలుసు. ఈయన రారని బాధపడుతూ బయట నిలబడ్డాడు. వాళ్ళు పిలవలేదని లోపల కూర్చున్నారేమో ఎవరు చూశారు? చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి, నేరుగా పోయి మునిరత్నం మామ తలుపు కొట్టాను.

"మామా, గుణా ఇంటి పావు. ఎండ వస్తా ఉండాది. రండి."

తలుపు తీసింది సరోజమ్మ. చీర ఎగదోపుకుని ఉంది. చేతిలో కుంచె ఉంది.

"ఇప్పుడా పిలిచేది? తెల్లారినప్పటి నుంచి దీన్ని పట్టుకోని కూర్చోనుండాను! నెలంతా దాని చేతి గంజి తీసుకుంటిమే, పిలిస్తే రామా?" అని నన్ను తోసుకుంటూ వీధిలోకి వచ్చి, రెండు పక్కలా తలుపులు చూసి కేకేసింది. "ఏమే, అందురూ యాడ ఉండారు? పావు పొద్దు!"

ఇంకో కేక అవసరం రాలేదు. తలుపులు తెరుచుకున్నాయి. కుంచెలతోనే వచ్చారు అందరూ. మునిరత్నం మామ వచ్చి, గుణశేఖర్‌ను లోపలికి పంపించి అతని చోట తను నిలబడ్డాడు. నా కళ్ళు చెమ్మగిల్లాయి. కొంగుతో తుడుచుకున్నాను.

సగం పని అయ్యేసరికి ముదలాళి మనిషి బండి మీద వచ్చి ఆగాడు. పడుగు పాడైందేమో చూసిపోదామని వచ్చినట్టున్నాడు. వీధంతా చూసి, "గుణా ఇంటి పావా ఇది? రేణుకక్క కానరాదే, యాడ?" అన్నాడు.

ఆ జవాబు కోసం నేనూ చూశాను. అప్పటికింకా పరీక్ష కూడా మొదలై ఉండదు.

సరోజమ్మ తల ఎత్తలేదు. కుంచె ఆపలేదు. "పనికి పోయిండాది" అంది.

అతను సరే అని బండి తిప్పుకుని పోయాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు చాలా శాలువాలు కప్పారు. అవన్నీ కలిపి ఇచ్చినా ఆ మాటను వాటితో మార్చుకోను. అట్లాగే చూస్తూ నిలబడిపోయాను.

సరోజమ్మ నా వైపు తిరిగింది.

"నువ్వేంది మేడం, సుమ్మా నిలబడుకోనుండావు? ఆ కొస పట్టుకో."

పోయి పట్టుకున్నాను.